వల లాగిన మర్నాడు

ఏలూరు హాస్టల్ నుంచి మనవరాలిని ఇంటికి తెచ్చిన రోజున ముసురు పట్టి ఉంది. పిల్లకు జ్వరం అని వార్డెన్ ఫోన్ చేస్తే నా కొడుకు వెళ్లి తీసుకొచ్చాడు. దిగగానే నుదుటి మీద చెయ్యి వేసి చూశాను. చల్లగానే ఉంది. జ్వరం కాదని నాకప్పుడే అర్థమైంది. ఏమిటో మాత్రం అర్థం కాలేదు.

స్నానం చేసి వచ్చి వసారాలో కుర్చీలో కూర్చుంది. ఒళ్లో జువాలజీ పుస్తకం తెరిచి పెట్టుకుంది. ఎదురుగా నేను చేటలో బియ్యం ఏరుతున్నాను. ఏరడం అయింది, కడగడం అయింది, ఎసరు మరిగి అన్నం కూడా ఉడికింది. వచ్చి చూస్తే పుస్తకం అదే పేజీ దగ్గర ఉంది.

నాకు అక్షరాలు నేర్పింది ఆ పిల్లే. అది ఒకటో తరగతిలో ఉండగా నాకు జుట్టు సగం నెరిసింది. అంతకు ముందు వేలిముద్రే. బడి నుంచి రాగానే నన్ను కొట్టం గోడ దగ్గర కూర్చోబెట్టి బొగ్గుతో రాసేది. చేతిలో కందికంప బెత్తం. "నాన్నమ్మా, చెయ్యి చాపు" అనేది. చాపేదాన్ని. మెల్లగా ఒకటి తగిలించి, తరవాత తనే చేతిని ఊదేది. అలా మొదట తవుడు బస్తాల మీద పేర్లు చదివాను, తరవాత బస్సు బోర్డులు, ఆయన పోయాక పేపరు. ఇప్పటికీ నెమ్మదిగానే చదువుతాను. నాకంటూ ఒక చదువుందంటే అది ఆ పిల్ల పెట్టిన భిక్ష. ఆ పిల్ల పేజీ తిప్పకుండా కూర్చుంటే, బియ్యంలో రాళ్లు నాకు కనబడలేదు.

"సోమవారం పొద్దున్నే దింపేస్తాను" అన్నాడు కొడుకు, భోజనాల దగ్గర. "ఈ వారం పోతే మిగతావాళ్ల కంటే వెనకబడిపోద్ది."

కోడలు పెరుగు గిన్నె తేవడానికి లేచింది. పిల్ల తల వంచుకుని అన్నం కెలుకుతోంది. ఇదివరకు ఇలాంటి మాట వాళ్ల నాన్న అంటే పది మాటలు ఎదురు చెప్పేది. ఆ రోజు ఒక్కటీ చెప్పలేదు. నాకు భయం వేసింది అందుకే.

మధ్యాహ్నం పక్కన పడుకోబెట్టుకుని అడిగాను.

"ఎవరన్నా ఏమన్నా అన్నారామ్మా?"

"ఎవరూ ఏమీ అన్లేదు నాన్నమ్మా."

"తిండి బాగోదా?"

"బానే ఉంటుంది."

"మరి?"

వెల్లకిలా తిరిగి ఫ్యాను వైపు చూసింది. "పొద్దున పరీక్ష, సాయంత్రం పరీక్ష. మార్కులు గోడకి అంటిస్తారు. అవి చూసుకునేలోపు ఇంకో పరీక్ష. నిద్ర పట్టదు. చదివింది లోపలికెళ్లదు." దుప్పటి లాక్కుంటూ, "పడుకుంటే ఇంక లేవకుండా ఉండిపోతే బాగుణ్ననిపిస్తుంది" అంది. అన్నం తిన్నానని చెప్పినంత మామూలుగా అంది.

ఈ మాట కొడుక్కి చెప్పాను. వాడు చెప్పులు వేసుకుంటూ ఆగాడు. వాడి ముఖంలో రంగు మారింది. నేను చూశాను. కానీ నోటి నుంచి వచ్చింది మాత్రం పాత మాటే. "ఆ వయసులో అందరూ అంటారమ్మా. వాళ్లన్న అదే హాస్టల్లో చదవలేదా? మప్పని పిల్ల బండెక్కదు."

ఆ మాట వాడిది కాదు. వాళ్ల నాన్నది.

మాకు కైకలూరు దగ్గర, కొల్లేటి అంచున, చేపపిల్లల చెరువులున్నాయి. శీలావతి, బొచ్చె పిల్లల్ని వేలెడంత చేసి పెద్ద చెరువుల వాళ్లకు అమ్ముతాం. చెరువులో హాయిగా తిరిగిన పిల్లని తిన్నగా తీసి బండి మీది నీళ్ల తొట్టిలో పోస్తే, అత్తిలి వైపు చెరువులకు చేరేలోపే కడుపు పైకి తిప్పేస్తుంది. అందుకని బండి రావడానికి కొన్ని రోజుల ముందే వల లాగి, చేపపిల్లలన్నిటినీ ఒక వారకు చేర్చి, కాసేపు ఇరుకులో ఉంచి, వదిలేస్తాం. మళ్లీ లాగుతాం. ఆఖరున, నీళ్లలో కర్రలకు కట్టిన గుడ్డ వలలో మేత లేకుండా ఉంచుతాం. హాపా అంటారు దాన్ని. ఇలా అలవాటు చెయ్యడం మొత్తాన్ని మా ఇంట్లో వలకు మప్పడం అంటాం. మప్పిన పిల్ల బండిలో తట్టుకుంటుంది. ఇది నిజం. మూడు తరాలుగా చూస్తున్నాం.

చెరువులో పనికొచ్చిన మాటని మావాళ్లు ఇంట్లో కూడా వాడేశారు. బడికి పోనని ఏడ్చే పిల్లకి అదే మాట, కొత్తగా కాపురానికొచ్చిన కోడలికీ అదే మాట. నన్నూ అలాగే మప్పారు. ఆ సంగతులు రాసే ఓపిక నాకిప్పుడు లేదు. ఒక్కటి మాత్రం రాస్తాను. మధ్యాహ్నం అందరూ కునుకు తీసే వేళ నేను బాతుల వెనక గట్టు చివరికి పోయి కూర్చునేదాన్ని. ఆ కాసేపూ నన్నెవరూ పిలిచేవాళ్లు కాదు. అది లేకపోతే నేనేమయ్యేదాన్నో.

ఆ వారంలోనే నా చెల్లెలి కూతురు తాడేపల్లిగూడెం నుంచి వచ్చింది. కాలేజీలో జువాలజీ పాఠాలు చెబుతుంది. డాక్టరేటు కోసం చేపల మెదడు మీద పని చేస్తోంది. దానికి కావలసిన చేపపిల్లల్ని మా చెరువుల నుంచే పట్టుకెళుతుంది. ఆ రోజు నడిమి చెరువులో మొదటి వల లాగుతున్నాం. వల మేస్త్రీ, పనివాళ్లు నీళ్లలో ఉన్నారు. మేమంతా గట్టు మీద ఉన్నాం. మనవరాలిని నేనే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను.

"చేపకి మెదడెంతుంటుందే, దాని మీద చదువేంటే?" అన్నాను.

"మినప బద్దంత కూడా ఉండదు పెద్దమ్మా. భయపడ్డానికి అది చాలు."

"మా చేపలకి మెదడు లేదులే చెల్లెమ్మా" అన్నాడు నా కొడుకు. "ఉంటే మా వలలో ఎందుకు పడతాయి?"

"నీకు మెదడుండే ఈ ముసుర్లో వల లాగిస్తున్నావా అన్నయ్యా?"

నీళ్లలోంచి మేస్త్రీ కూడా నవ్వాడు. మనవరాలు నవ్వలేదు గానీ తలెత్తి చూసింది.

వల దగ్గరికొచ్చింది. చేపపిల్లలు వెండి చిల్లర విసిరినట్టు ఎగురుతున్నాయి. నా చెల్లెలి కూతురు వంగి వాటిని చూపిస్తూ చెప్పింది. సెరొటోనిన్ అనే పదార్థం ఒకటి ఉందట. మెదడులో ఒకచోటి నుంచి ఇంకోచోటికి కబుర్లు మోస్తుందట. చేప వలకి బెదరగానే ఆ కబుర్ల జోరు పెరుగుతుంది. వల వదిలేశాక, కాసేపటికి నెమ్మదిస్తుంది.

"జోరు పెరగడం తప్పు కాదు పెద్దమ్మా. పెరగాలి. నెమ్మదించడమే ముఖ్యం. కొన్నిట్లో తొందరగా నెమ్మదిస్తుంది. కొన్నిట్లో ఎంతకీ నెమ్మదించదు. తొట్టిలో పెద్ద చేప అస్తమానం తరిమే చిన్న చేపని చూడు. మూలకి పోయి నల్లబడుతుంది. మేత ముట్టదు. దాని మెదడులో ఆ జోరు రోజంతా అలాగే ఉంటుంది. అలాంటి దానికి ఆ తరవాత చిన్న కుదుపు చాలు."

"సెరొటోనిన్ తక్కువైతే దిగులొస్తుందని ఫోన్లో విన్నాను వదినా" అంది కోడలు.

"అందరూ అలాగే చెప్పేస్తారు. ఎక్కువా తక్కువా అని తేల్చేసేంత సులువైతే నా చదువు ఎప్పుడో అయిపోయేది. మెదడులో ఎక్కడ, ఎప్పుడు, ఎంతసేపు అన్నది చూడాలి."

"కైకలూరులో మేత షాపులో బస్తాల్లో దొరుకుతుందేమో చెప్పు" అన్నాడు కొడుకు. "రేపే తెచ్చి చల్లేస్తాను."

"చల్లు. చెరువు తాగుద్ది. చేప మెదడుకి మాత్రం చేరదు. దాని మెదడు దాన్ని లోపలే తయారు చేసుకోవాలి."

అప్పుడు మనవరాలు నోరు విప్పింది. "ఒకే తల్లి పిల్లలు కదత్తా. ఒకే నీళ్లు. కొన్ని ఎందుకు తేరుకోవు?"

ఇంటికొచ్చాక అది తనంతట తను అడిగిన మొదటి మాట అదే. అందరం దాని వైపు తిరిగాం. నా చెల్లెలి కూతురు మాత్రం క్లాసులో పిల్ల అడిగినట్టే తీసుకుంది.

"పుట్టుకతో వచ్చింది కొంత. మరీ చిన్నప్పుడు పడ్డ ఇబ్బంది కొంత. ముందు బెదురు తీరకుండానే ఇంకో బెదురు వచ్చి పడితే అది కొంత. తప్పించుకునే వీలుందా లేదా అన్నది ఇంకొంత. ఎలకల్లో ఇది బాగా చూశారమ్మా. రెండిటికీ ఒకే బాధ, అంతే బాధ. ఒకదానికి దాన్ని ఆపే వీలుంటుంది, రెండోదానికి ఉండదు. వీలున్నది తట్టుకుంటుంది. లేనిది తరవాత చిన్నదానికే కుదేలైపోతుంది."

"ఆ తేడా మెదడులో కనబడుతుందా?"

"సెరొటోనిన్ పుట్టేచోటే కనబడుతుంది."

మేస్త్రీ వల పైతాడు కిందికి ముంచాడు. చేపపిల్లలన్నీ ఒక్కసారి జారి నీళ్లలో కలిసిపోయాయి. అవి పోయిన వైపే మనవరాలు చాలాసేపు చూసింది.

వెళ్లేముందు నా చెల్లెలి కూతుర్ని పక్కకి పిలిచి పిల్ల అన్న మాట చెప్పాను. చేతిలో ఉన్న చేపపిల్లల ప్లాస్టిక్ సంచి కింద పెట్టేసింది.

"పెద్దమ్మా, నాకు తెలిసింది చేప. చేపలో చూసింది తెచ్చి పిల్లకి అతికించమంటే నేను చెయ్యను. అది తప్పు. కానీ ఆ మాట అంది కాబట్టి ఆలస్యం చెయ్యకండి. ఏలూరులో సైకియాట్రిస్టుకి చూపించండి. ఒంటరిగా వదలకండి."

వెనక నుంచి నా కొడుకు విన్నాడు. "పిచ్చి డాక్టరు దగ్గరికా? రేపు ఊరంతా ఏమంటారు?"

"నీ చేపలు తేలితే చేపల డాక్టరుకి ఫోన్ చేస్తావు కదా అన్నయ్యా. అప్పుడు ఊరేమంటుంది?"

ఆ రోజు నుంచి పిల్ల నా మంచం పక్కనే పడుకుంది. పక్కలో అటూ ఇటూ మెసలడం వినబడుతూనే ఉండేది. నాకూ నిద్ర లేదు. అలసిపోయినవాళ్లకు నిద్ర వస్తుందంటారు. అది పని వల్ల అలిసినవాళ్ల సంగతి.

వల లాగిన మర్నాడు తెల్లవారేసరికి ముసురు ఇంకా గట్టిగా పట్టింది. గాలి లేదు. ఎండ లేక చెరువు నీళ్లలో ఆక్సిజన్ తగ్గి, నడిమి చెరువు పిల్లలన్నీ నోళ్లు తెరుచుకుని పైకొచ్చేశాయి. నీళ్ల మీదంతా వాన పడుతున్నట్టే చిటపటలు. నీళ్లు చిలికే ఏరేటర్లు వేశారు. బాగా పొద్దెక్కాక గానీ అవి కిందికి దిగలేదు.

మామూలుగా అయితే వల లాగిన మర్నాడు మేము చెరువు ముట్టుకోం. ఇంత తవుడు చల్లి వదిలేస్తాం. కానీ తెల్లారితే బండి వస్తోంది. అత్తిలి వాళ్లు చెరువు సిద్ధం చేసి కూర్చున్నారు. "ఇంకోసారి లాగేద్దాం, గట్టిపడతాయి" అన్నాడు కొడుకు. మేస్త్రీ సరేనన్నాడు. నేనూ అక్కడే ఉన్నాను, నాకూ తప్పనిపించలేదు. మప్పడమంటే వల లాగడమేనని అందరం అనుకున్నాం. రెండో వల లాగి, చేపపిల్లల్ని హాపాలో పెట్టారు.

మర్నాడు బండి వచ్చింది. మేస్త్రీ హాపా అంచు ఎత్తాడు. అడుగున తెల్లగా పేరుకుని ఉన్నాయి. బతికున్నవి కూడా వల వైపు చూసి చెదరలేదు. చెయ్యి పెడితే జరగలేదు. బెదరడం కూడా మానేసిన చేపని నేను అంతకు ముందు చూడలేదు. బండి ఖాళీగా వెనక్కి తిరిగింది.

అందరూ వెళ్లిపోయాక కొడుకు గట్టు మీదే కూర్చుండిపోయాడు. నేను కాఫీ పట్టుకెళ్లాను. మోకాళ్లు నొప్పి, అయినా వాడి పక్కన కూలబడ్డాను.

"రెండుసార్లు మప్పాం కదమ్మా. ఎందుకు చచ్చాయి?"

నాకు అప్పటిదాకా ఏమీ తోచలేదు. వాడు అడిగాక, నేను మాట్లాడుతుండగానే తోచింది.

"మప్పలేదురా. వల లాగాం, అంతే. లాగిన మర్నాడు మీ నాన్న ఏం చేసేవాడు?"

"ఏముంది, ఏం చేసేవాడు కాదు. పేకాటకి పోయేవాడు."

"ఆ పోవడమే మిగతా సగం. మనం దాన్ని పని అనుకోలేదు."

వాడు కాఫీ గ్లాసు చేతిలో తిప్పుతున్నాడు. ఏరేటరు ఆగిపోయి ఉంది. గుర్రపుడెక్క మీద కొంగ ఒకటి చచ్చిన పిల్లల వైపే చూస్తోంది.

"సోమవారం పిల్ల హాస్టలుకి వెళ్లదు" అన్నాను.

"పిల్లా చేపా ఒకటేనా అమ్మా?"

"ఒకటి కాదు. చేప చెప్పలేదు. అది నోరు తెరిచి చెప్పింది. నాకు చెప్పింది, నేను నీకు చెప్పాను."

"చదువు పోద్దమ్మా" అన్నాడు. కోపంగా కాదు.

"నాకు జుట్టు నెరిశాక వచ్చింది చదువు. అన్నేళ్లూ ఎక్కడికీ పోలేదు. నా కోసం ఆగింది."

కాఫీ చల్లారిపోయింది. వాడు అలాగే తాగి గ్లాసు నా చేతికిచ్చాడు. ఇంటికొచ్చి కూతురి మంచం దగ్గర కాసేపు నిలబడ్డాడు. ఏదో అనాలనుకున్నాడు. ఆఖరికి, "ఫ్యాను ఎక్కువైందా, తగ్గించనా?" అని అడిగాడు. పిల్ల "వద్దు నాన్నా, బానే ఉంది" అంది. మా ఇంట్లో అంతకంటే పెద్ద మాటలు ఎవరికీ రావు.

సోమవారం ఏలూరు వెళ్లాం. బాడుగ కారు మాట్లాడతానన్నాడు కొడుకు. పిల్ల బస్సులో వెళ్దామంది. తనకి కావాలన్నదేదో ఒకటి జరగనిద్దామని బస్సే ఎక్కాం. వాడు, నేను, పిల్ల. ముందు డాక్టరు దగ్గరికి. ఆవిడ చిన్నావిడ. పిల్లతో విడిగా చాలాసేపు మాట్లాడింది. తరవాత మమ్మల్ని పిలిచి, నిద్ర ముందు సరిచేద్దామండీ అంది. ఒక మాత్ర రాసింది. గుణం కనబడ్డానికి కొన్ని వారాలు పడుతుందని, మధ్యలో మానకూడదని, ఈలోగా పిల్లని కనిపెట్టుకుని ఉండాలని చెప్పింది. ఎప్పటికి పూర్తిగా నయమవుతుందో ఇప్పుడే మాట ఇవ్వలేనని కూడా చెప్పింది. అలా చెప్పినందుకు ఆవిడ మీద నాకు నమ్మకం కలిగింది.

మందుల షాపు దగ్గర పిల్ల మాత్రల అట్ట తిప్పి చూసింది. "ఇది కూడా సెరొటోనిన్ మీదే పనిచేస్తుందంట నాన్నమ్మా. డాక్టరు చెప్పారు."

"చల్లితే చెరువు తాగుద్దని మీ అత్త అందిగా."

"ఇది మింగేది." దాని పెదవి కొంచెం కదిలింది. నవ్వు అని నేను అనను.

అక్కడి నుంచి హాస్టలుకి వెళ్లి పెట్టె తీసుకున్నాం. వార్డెన్ మంచి మనిషే. "మళ్లీ ఎప్పుడొస్తుందండీ?" అంది. నా కొడుకు పెట్టె భుజానికెత్తుకున్నాడు. "తను వస్తానన్నప్పుడండి" అన్నాడు. ఆ మాట నేను వాడికి నేర్పలేదు.

తిరుగు బస్సులో పిల్ల కిటికీ పక్కన, నేను మధ్యన, వాడు పెట్టె ఒళ్లో పెట్టుకుని ఈ చివర. ముసురు విడిచింది. పెదయెడ్లగాడి వంతెన దగ్గర బస్సు కాసేపు ఆగింది. కొల్లేటి నీళ్ల మీద ఎండ పలచగా ఉంది. జామకాయలమ్మే ఆమె కిటికీ కిందికి వచ్చింది. కోసి ఉప్పూ కారం చల్లి ఇచ్చింది. తీసుకుని పిల్ల చేతిలో పెట్టాను. తినమనలేదు. ఆ వారమంతా తినమని తినమని నాకూ విసుగొచ్చింది, దానికీ వచ్చింది.

బస్సు కదిలింది. కొంతసేపు జామకాయ పిల్ల చేతిలోనే ఉంది. తరవాత ఒక ముక్క కొరికింది. ఇంకొకటి. నేను దాని వైపు చూడకుండా రోడ్డు పక్క బోర్డులు ఒక్కొక్కటే కూడబలుక్కుంటూ చదువుతున్నాను. సగం తిని, మిగతా సగం నా ఒళ్లో పెట్టి, భుజం మీద తల వాల్చింది. కైకలూరు వచ్చేదాకా లేవలేదు. భుజం తిమ్మిరెక్కింది. కదపలేదు.

మిగతా సగం నేను తిన్నాను.